ఖాళీ గడి ఖాళీగానే ఉండాలి

ఈ నెల ఉత్తరాలన్నీ ఒక్క చోటికే వచ్చాయి: ఒకే మూసలో రోజూ రాయాల్సిన రిపోర్టులు, వాటిని త్వరగా ముగించే దారి. చాలావరకు చెన్నై నుంచే వచ్చినవి. జవాబులు కొన్ని పొడుగు, కొన్ని పొట్టి. పొట్టి జవాబు వచ్చినవాళ్లు నొచ్చుకోవద్దు.

*

ప్రశ్న: మేడం, పెరంబూర్‌లో చిన్న స్కాన్ సెంటరు నడుపుతున్నాను. మా సొంతూరు నెల్లూరు. పగలంతా అల్ట్రాసౌండ్లు, రాత్రి రిపోర్టులు. నార్మల్ అబ్డామెన్ (పొట్ట) రిపోర్టు ఒకటి వర్డ్‌లో పెట్టుకుని, దాన్నే కాపీ చేసి తేడా ఉన్నచోట మారుస్తుంటాను. మొన్న ఎప్పుడో ఆపరేషన్‌లో గాల్‌బ్లాడర్ (పిత్తాశయం) తీసేయించుకున్న ఒకావిడ రిపోర్టులో ‘గాల్‌బ్లాడర్ నార్మల్, రాళ్లు లేవు’ అని వెళ్లిపోయింది. ఆవిడ కొడుకు చదివి ఫోన్ చేశాడు. రిపోర్టింగ్ సాఫ్ట్‌వేర్ కొనమని ఏజెంట్లు వెంటపడుతున్నారు. కొంటే ఇలాంటివి ఆగుతాయా? ఇప్పుడున్న వేగం మాత్రం తగ్గకూడదు.
— రేడియాలజిస్టు, పెరంబూర్

జవాబు: డాక్టరు గారూ, కొన్నంత మాత్రాన ఆగవు. ఏజెంటు మీకు డెమో చూపించేటప్పుడు గమనించండి, ‘ఆల్ నార్మల్’ అని ఒక బటన్ ఉంటుంది. దాన్ని నొక్కి, పేజీ మొత్తం నిండిపోవడం చూపించి, మన ముఖంలోకి చూస్తాడు. మీరు ఇప్పుడు కాపీ పేస్టుతో చేస్తున్నదే అది, కాకపోతే డబ్బిచ్చి చేస్తారు.

ఇక్కడ వేగం తప్పు కాదు. చూడని అవయవానికీ, చూసి బాగుందనుకున్న అవయవానికీ కాగితం మీద ఒకటే వాక్యం ఉండటం తప్పు. నేను నుంగంబాక్కంలో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ ఆఫీసులో ఎడిటర్‌గా చేసిన రోజుల్లో అమెరికా డాక్టర్లు రాత్రుళ్లు మాటలు రికార్డు చేసి పంపితే మేం టైపు చేసేవాళ్లం. అరవై అయిదు అక్షరాలు ఒక లైను, లైనుకింత లెక్క. అక్కడా ‘నార్మల్స్’ ఉండేవి. ‘యూజ్ మై నార్మల్ చెస్ట్’ అని డాక్టరు ఒక్క ముక్క అంటే చాలు, పేరా మొత్తం దించేసేవాళ్లం. కానీ ఆ ముక్క ఆయన నోటి నుంచి రావాలి. రాకపోతే దించకూడదు. వినపడకపోతే గీత గీసి వదిలేయాలి. ఊహించి నింపిన అమ్మాయికి ఆ నెల నాణ్యత మార్కులు పోయేవి, ఖాళీ వదిలిన అమ్మాయికి పోయేవి కావు. ఆ పద్ధతినే మీ టెంప్లేట్‌లోకి తెచ్చుకోండి.

ముందు, నిన్నటి పేషెంటు ఫైలు తెరిచి ‘సేవ్ యాజ్’ కొట్టడం మానండి. వర్డ్‌లో డాక్యుమెంటుగా కాకుండా టెంప్లేట్‌గా సేవ్ చేసుకుంటే, దాని మీద డబుల్ క్లిక్ చేసినప్పుడల్లా పేరు లేని కొత్త కాగితం వస్తుంది. పాత పేరు, పాత వయసు మిగిలిపోయే ప్రసక్తే ఉండదు.

తర్వాత మీ రిపోర్టును పచ్చ పెన్సిలుతో, ఎర్ర పెన్సిలుతో గీసి చూడండి. ఎవరికైనా మారని వాక్యాలకు పచ్చగీత: సెంటరు పేరు, ఏ ప్రోబ్ (ఒంటి మీద ఆనించే స్కాన్ పరికరం) వాడారు, కింద రాసే ‘క్లినికల్‌గా సరిచూసుకోవాలి’ లాంటివి. వీటిని ముందే నింపి పెట్టుకోవచ్చు. మనిషిని బట్టి మారేవన్నీ ఎర్రగీత. అక్కడ ముందే ఏమీ ఉండకూడదు. లివర్‌కి ఒక డ్రాప్‌డౌన్ (నొక్కితే తెరుచుకునే ఎంపికల జాబితా), గాల్‌బ్లాడర్‌కి ఒకటి, కిడ్నీలకు కుడి ఎడమ విడివిడిగా. వర్డ్‌లో ‘డెవలపర్’ ట్యాబ్ మామూలుగా కనిపించదు. ఆప్షన్స్‌లో ‘కస్టమైజ్ రిబ్బన్’కి వెళ్లి టిక్కు పెడితే వస్తుంది. అందులో డ్రాప్‌డౌన్ పెట్టి, మీ వాక్యాలను ఎంపికలుగా రాయండి. గాల్‌బ్లాడర్ జాబితాలో ‘ఆపరేషన్‌లో తీసేశారు’, ‘పేషెంటు తిని వచ్చినందున సరిగా కనిపించలేదు’ అన్నవి తప్పకుండా ఉండాలి. రెండోది చాలామంది పెట్టుకోరు. పెట్టుకోకపోతే సాయంత్రం అలసటలో అది కూడా నార్మల్ కిందికే పోతుంది.

ఈ డ్రాప్‌డౌన్‌లో నాకు బాగా నచ్చే గుణం ఒకటుంది. మీరు ఏదీ ఎంచుకోకపోతే ‘ఒకటి ఎంచుకోండి’ అనే బూడిద రంగు మాట అలాగే ప్రింటులోకి వస్తుంది. చూడటానికి అసహ్యంగా ఉంటుంది, ఉండనివ్వండి. పేషెంటు చేతికి వెళ్లేలోపు మీ రిసెప్షన్ అమ్మాయి కంట్లో పడుతుంది. అబద్ధపు ‘నార్మల్’ ఎవరి కంట్లోనూ పడదు.

వేగం సంగతి. అవయవానికి ఒక క్లిక్కు అనుకుంటే మొత్తం అబ్డామెన్‌కి పట్టేది కొన్ని సెకన్లే. మీ టైము నిజంగా తినేది అది కాదు, అంకెలు. మెషీన్ తెర మీద చూసి, చీటీ మీద రాసి, మళ్లీ వర్డ్‌లో కొట్టడం. అందులోనే సెంటీమీటర్లు మిల్లీమీటర్లవుతాయి, కుడి ఎడమ అవుతుంది. ఈమధ్య మెషీన్లు చాలావరకు కొలతలను డైకామ్ స్ట్రక్చర్డ్ రిపోర్టుగా, అంటే వేరే సాఫ్ట్‌వేర్ నేరుగా చదవగలిగే ఫైలుగా, బయటికి పంపగలవు. కొనేటప్పుడు ఏజెంటును అడగాల్సిన మొదటి ప్రశ్న, ‘మా మెషీన్ నుంచి కొలతలు టైపు చేయకుండా నేరుగా రిపోర్టులోకి వస్తాయా? మా మెషీన్ మీదే చూపించు’ అని. నీళ్లు నమిలితే టీ ఇచ్చి పంపేయండి.

లెక్కలూ మెషీన్‌కే వదలండి. థైరాయిడ్‌నే తీసుకుందాం. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ 2017లో తెచ్చిన టైరాడ్స్, అంటే థైరాయిడ్ గడ్డ ఎంత అనుమానించదగ్గదో పాయింట్లతో చెప్పే పద్ధతి, మీకు తెలిసిందే. గడ్డ లోపలి స్వభావం, ఎకో తీరు, ఆకారం, అంచు, లోపలి తెల్ల చుక్కలు — అయిదింటికీ పాయింట్లు. మొత్తం 3 వస్తే టీఆర్3, 4 నుంచి 6 దాకా టీఆర్4, 7 ఆ పైన టీఆర్5. సూది పరీక్ష చెప్పాల్సిన సైజు కూడా వరసగా 2.5, 1.5, 1 సెంటీమీటరు. ఈ కూడికలు, ఈ హద్దులు రాత్రి తొమ్మిదింటికి ఒక రేడియాలజిస్టు తలలో పెట్టుకోవాల్సిన పని లేదు. అంచు గరుకుగా ఉందా నున్నగా ఉందా అన్నది మీరు చూడండి; కూడి, హద్దుతో పోల్చి, వాక్యం రాసే పని చిన్న ఎక్సెల్ షీటు కూడా చేస్తుంది. రిపోర్టు సాఫ్ట్‌వేర్‌కి డబ్బు పెట్టదలిస్తే ఇలాంటి వాటికి పెట్టండి. మూస కావాలంటే ఉత్తర అమెరికా రేడియాలజీ సొసైటీ వాళ్లు రాడ్‌రిపోర్ట్ పేరుతో ఉచితంగానే బోలెడు పెట్టారు. యథాతథంగా వాడొద్దు, మన సెంటర్లకు అవి మరీ పొడుగు.

గర్భిణుల స్కాన్ల గురించి మీరు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. పుట్టబోయే బిడ్డ లింగం చెప్పడాన్ని నిషేధించే 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం కింద, గర్భిణుల స్కాన్లకు నింపాల్సిన ఫారం-ఎఫ్ ఉంది కదా. అందులో లోపం, పొరపాటు ఉంటే, కాదని మీరు రుజువు చేసుకునే దాకా అదే ఉల్లంఘన కింద లెక్క. ఆ నిబంధన చెల్లుతుందని 2019లో సుప్రీంకోర్టు కూడా తేల్చింది. కాబట్టి ఆ ఫారంలో అడ్రసు, పిల్లల సంఖ్య, స్కాన్ ఎందుకు అన్న కారణం — ఇవి పాత రికార్డు నుంచి తమంతట తాము నిండే సౌకర్యం ఎవరైనా గొప్పగా చూపిస్తే వద్దనండి. ‘లింగం చూడలేదు, చెప్పలేదు’ అన్న ప్రకటన గర్భిణుల మూసలోనే ఉంచండి. అన్ని మూసల్లోనూ అతికించేసిన సెంటర్లు ఉన్నాయి. అరవై దాటిన పెద్దాయన ప్రొస్టేట్ రిపోర్టు కింద ఆ వాక్యం నా కళ్లతో చూశాను.

*

ప్రశ్న: అంబత్తూరులో ఉంటున్న సివిల్ ఇంజినీరుని. బ్యాంకుల హోమ్‌లోన్లకు ఆస్తి విలువ కట్టి రిపోర్టులిస్తాను. మూడు బ్యాంకులు, మూడు ఫార్మాట్లు. ఎక్సెల్‌లోని వివరాలను వర్డ్ మూసలో తమంతట తామే నిండేలా చేసే మెయిల్ మెర్జ్ నేర్చుకున్నాను. కానీ 72,50,000 అని కొడితే 7250000 అని వస్తుంది, కొన్నిసార్లు దశాంశాల తోక కూడా. తేదీల్లో నెల ముందుకొస్తుంది. మొత్తాన్ని అక్షరాల్లో రాయడం చేత్తోనే చేస్తున్నాను. దారి చెప్పండి.
— ఇంజినీరు, అంబత్తూరు

జవాబు: సార్, మెయిల్ మెర్జ్ దాకా వచ్చారంటే సగం దాటేశారు. మెర్జ్ జరిగేటప్పుడు వర్డ్ మీ ఎక్సెల్ గడిలోని అలంకారాన్ని చూడదు, లోపలి ముడి అంకెను లాక్కుంటుంది. అందుకే కామాలు పోతాయి, తోకలు వస్తాయి. ప్రతి అంకె పక్కనా ఇంకో కాలమ్ పెట్టి, టెక్స్ట్ ఫంక్షన్‌తో ఆ అంకెను కామాలతో సహా టెక్స్ట్‌గా మార్చండి. తేదీకి కూడా అంతే. వర్డ్‌కి ఈ రెండో కాలమ్‌నే చూపించండి, ఏది కనిపిస్తే అదే వస్తుంది. లక్షలు కోట్ల కామాల కోసం విండోస్‌లో రీజియన్ ‘ఇంగ్లిష్, ఇండియా’ అని ఉందో లేదో ముందు చూసుకోండి. చాలామంది ల్యాప్‌టాప్‌లు కొన్ననాటి నుంచీ అమెరికాలోనే ఉంటాయి. 

ఇక అక్షరాల్లో మొత్తం. ఎక్సెల్‌లో అంకెను అక్షరాలుగా మార్చే ఫంక్షన్ ఒకటి ఎప్పటి నుంచో ఉంది, బాత్‌టెక్స్ట్. థాయ్‌లాండ్ డబ్బుకి, థాయ్ లిపిలో మాత్రమే! మనకు లేదు. మైక్రోసాఫ్ట్ తన సహాయ పేజీల్లో స్పెల్‌నంబర్ అని ఒక మ్యాక్రో (ఎక్సెల్‌లో నడిచే చిన్న ప్రోగ్రాం) ఇస్తుంది, అది డాలర్లు, మిలియన్లు అంటుంది. ఎవరైనా కుర్రాణ్ని పట్టుకుని దాన్ని లక్షలు, కోట్లకు మార్పించుకోండి, ఒక పూట పని. తర్వాత ఒక లక్ష, పది లక్షలు, కోటీ ఒక రూపాయి లాంటి అంకెలు ఇచ్చి పరీక్షించండి, సున్నాలు వరసగా ఉన్నచోటే ఈ మ్యాక్రోలు తడబడతాయి.

మూడు ఫార్మాట్లకు మూడు ఎక్సెల్‌లు వద్దు. ఒకే డేటా షీటు, దానికి తగిలించిన మూడు వర్డ్ మూసలు. చెన్నైలో అడిగేవన్నీ ఆ షీటులో ఉండాలి: పట్టా నంబరు, సర్వే నంబరు, గైడ్‌లైన్ విలువ (రిజిస్ట్రేషన్‌కి ప్రభుత్వం కట్టిన విలువ), ఫ్లాటైతే యూడీఎస్ (స్థలంలో ఆ ఫ్లాటుకు వచ్చే ఉమ్మడి వాటా) ఎంత. గ్రౌండు అంటే 2,400 చదరపు అడుగులు, సెంటు 435.6 అన్న మార్పిడి సూత్రాలూ అక్కడే. ఒక బ్యాంకు అడుగుల్లో, ఇంకొకటి మీటర్లలో అడిగినా మళ్లీ మీరు క్యాలిక్యులేటర్ తీయక్కర్లేదు. గైడ్‌లైన్ విలువ పక్కన మాత్రం ‘ఏ రోజున చూశాను’ అని తేదీ గడి పెట్టండి. పోయిన నెల అదే వీధికి వేసిన విలువను దించేయాలని చెయ్యి లాగుతుంది, తేదీ గడి ఉంటే కొంచెం సిగ్గేస్తుంది.

పైన డాక్టరు గారికి చెప్పింది మీకూ వర్తించే చోటు ఒకటుంది, అది నాలుగు హద్దులు. దస్తావేజు ప్రకారం తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం ఒక వరస. సైటులో నిలబడి చూసింది ఇంకో వరస. రెండో వరస మొదటి దాని నుంచి సూత్రంతో రాకూడదు. దస్తావేజులో ‘తూర్పున ఖాళీ స్థలం’ అని ఉండి, సైటులో అక్కడ మూడంతస్తుల మేడ లేచి ఉంటుంది. అది పట్టుకోవడానికే బ్యాంకు మిమ్మల్ని పంపింది. సైటులో ఫోన్‌లోనే ఒక ఫారం తెరిచి అక్కడికక్కడే కొట్టండి. ఇంటికొచ్చి ఫొటోలు చూసి రాద్దామంటే దిక్కులు తిరగబడతాయి.

*

ప్రశ్న: మేడం, టీ.నగర్‌లో చైల్డ్ సైకాలజిస్టును. ఒక్కో పిల్లవాడి అసెస్‌మెంట్ రిపోర్టు ఎనిమిది పేజీలు. నా చేతిరాత నోట్సు, స్కోర్లు ఏఐ చాట్‌బాట్‌కి ఇస్తే పది నిమిషాల్లో చక్కటి రిపోర్టు రాసిస్తోంది. పేరు మార్చే ఇస్తున్నాను. సమ్మతమేనా?
— సైకాలజిస్టు, టీ.నగర్

జవాబు: పేరు మార్చినంత మాత్రాన పిల్లవాడు మారిపోడండీ. స్కూలు, తరగతి, పుట్టిన తేదీ, నాన్న ఏ కంపెనీలో చేస్తాడు, చెల్లెలికి ఏ జబ్బు — ఇవన్నీ నోట్సులో ఉంటే టీ.నగర్‌లో సగం మందికి ఆ పిల్లవాడెవరో తెలిసిపోతుంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. చట్టాన్ని పక్కన పెట్టినా, మీ ముందు కూర్చుని కన్నీళ్లు పెట్టుకున్న తల్లి ఆ మాటలను మీకు చెప్పింది, మెషీన్‌కి కాదు. అడిగి, ఒప్పుకుంటే వాడండి.

నన్ను ఎక్కువ భయపెట్టేది అది కాదు. ఈ చాట్‌బాట్లు ఖాళీని భరించలేవు. మీ నోట్సులో కంటిచూపు కలపడం గురించి ఒక్క మాట లేకపోయినా, ‘పరీక్ష సమయంలో చక్కగా కళ్లలోకి చూసి మాట్లాడాడు’ అని నున్నటి వాక్యం ఒకటి రాసేస్తాయి, ఎందుకంటే అలాంటి రిపోర్టుల్లో సాధారణంగా ఆ వాక్యం ఉంటుంది. రేపు ఇంకో డాక్టరు ఆటిజం సంగతి తేల్చేటప్పుడు ఆ వాక్యాన్నే పట్టుకుంటాడు. వచ్చిన ప్రతి వాక్యానికీ ఎదురుగా మీ నోట్సులో ఏ పేజీ, ఏ వరస అని పెన్సిలుతో రాయండి. రాయలేకపోతే కొట్టేయండి. అలా చేస్తే పది నిమిషాలు కాస్తా గంట అవుతుంది. మీరు చేత్తో రాసే సమయం కన్నా అది తక్కువేగా, తీసుకోండి.

స్కోర్లను దానికి ఇవ్వనే వద్దు. సగటు 100, ప్రామాణిక విచలనం 15 ఉన్న పరీక్షల్లో 85 అంటే సుమారు 16వ పర్సెంటైల్ (నూరుమందిలో దాదాపు పదహారు మంది కన్నా ముందున్నట్టు), 70 అంటే సుమారు 2వది అని ఎక్సెల్ ప్రతిసారీ ఒకేలా చెబుతుంది. చాట్‌బాట్ ఒక్కోసారి ఒక్కోలా చెప్పినా ఆశ్చర్యపోను. పర్సెంటైల్‌ని తల్లిదండ్రులు పరీక్ష మార్కులనుకుంటారు కదా, ‘మా వాడికి పదహారే వచ్చాయా’ అని. వాళ్ల కోసం తెలుగులో ఒక పేజీ విడిగా రాసివ్వండి. ఆ పేజీ మీరే రాయండి, మూస వద్దు.

*

ప్రశ్న: అక్కా, విల్లివాక్కంలో ఒక స్కాన్ సెంటర్‌లో టైపిస్టుని. మా డాక్టరు మాట్లాడితే టైపయ్యే సాఫ్ట్‌వేర్ తెచ్చారు. నన్నింక పంపేస్తారేమోనని భయంగా ఉంది.
— టైపిస్టు

జవాబు: చూడమ్మా, ఆపకుండా మాట్లాడినా టైపు చేసే డ్రాగన్ అనే సాఫ్ట్‌వేర్ 1997లోనే వచ్చింది. అప్పటి నుంచీ మమ్మల్ని ఇవాళ పంపేస్తారు, రేపు పంపేస్తారు అంటూనే ఉన్నారు. పని పోయిన వాళ్లు లేకపోలేదు, అబద్ధం చెప్పను. టైపు మాత్రమే వచ్చినవాళ్ల పని పోయింది. విన్నది సరిగా ఉందా అని చూడటం వచ్చినవాళ్లు ఎడిటర్లయ్యారు.

కాబట్టి ఆ సాఫ్ట్‌వేర్ ఎక్కడ తప్పుతుందో మీ డాక్టరు కన్నా ముందు నువ్వు కనిపెట్టు. ఒక నోటుపుస్తకంలో రాసుకో. ‘నో ఎవిడెన్స్’లో ‘నో’ని మింగేస్తుంది, అర్థం తలకిందులవుతుంది. ఫిఫ్టీన్, ఫిఫ్టీ కలిపేస్తుంది. ఇవి స్పెల్లింగ్ తప్పులు కావు కాబట్టి ఎర్రగీత పడదు. ఏసీ మోతలో, పక్కన తమిళంలో పేషెంటుతో మాట్లాడుతున్నప్పుడు ఇంకా ఘోరం. పైన కుడి అని ఉండి, కింద ఇంప్రెషన్‌లో (రిపోర్టు చివర రాసే సారాంశంలో) ఎడమ అని ఉందా? మగవాళ్ల రిపోర్టులో గర్భాశయం ఉందా? ఈ జాబితా పక్కన పెట్టుకుని ప్రతి రిపోర్టూ చదివి, దొరికినవి నెలాఖరుకి ఒక కాగితం మీద ఆయనకు చూపించు.

ఆటోటెక్స్ట్ కూడా నేర్చుకో. వాక్యాన్ని సెలక్ట్ చేసి ఆల్ట్, ఎఫ్3 నొక్కి పొట్టి పేరు పెట్టుకుంటే, తర్వాత ఆ పేరు కొట్టి ఎఫ్3 నొక్కగానే మొత్తం వాక్యం దిగుతుంది. ఆటోకరెక్ట్‌లో కూడా ఇదే పని చేయొచ్చు గానీ అది ఎఫ్3 కోసం ఆగదు, స్పేస్ కొట్టగానే మారిపోతుంది. పైగా అక్కడ పెట్టింది ఎక్సెల్‌లోనూ మారుతుంది. పొట్టి పేర్లన్నీ జెడ్ అక్షరంతో మొదలుపెట్టుకుంటే మామూలు మాటలతో గొడవ రాదు.

*

ప్రశ్న: కీల్పాక్కంలో క్లినిక్ మాది. పేషెంట్లకు ఇచ్చే తెలుగు సూచనల పేరాలు పాత అను ఫాంట్‌లో ఉన్నాయి. రిపోర్టు మూసలోకి తెస్తే కంప్యూటర్ మారగానే పిచ్చిగీతలు, వాట్సాప్‌లో అయితే ఇంగ్లిష్ అక్షరాల చెత్త.
— క్లినిక్ మేనేజరు

జవాబు: అను ఫాంట్ యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకూ ఒకేలా అర్థమయ్యే అక్షరాల పద్ధతి) కాదు కాబట్టి ఆ ఫాంట్ లేని చోట అది తెలుగే కాదు. పీడీఎఫ్ చేసి పంపితే ప్రస్తుతానికి గండం గడుస్తుంది. శాశ్వతంగా కావాలంటే కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, విండోస్‌తో వచ్చే నిర్మలా యూఐ ఫాంట్ పెట్టండి. తెలుగు పేరాలను మాత్రమే కన్వర్టర్‌లో వేయండి. మధ్యలో ఉన్న ఇంగ్లిష్ మందుల పేర్లను కూడా వేస్తే అది వాటిని తెలుగనుకుని గజిబిజి చేస్తుంది. మార్చాక ఒత్తులు ఎక్కడెక్కడ ఊడిపోయాయో ఒకసారి చదివి చూసుకోండి. డోసుల అంకెలను మాత్రం పాత ప్రింటు పక్కన పెట్టుకుని, ఒకరు చదువుతుంటే ఇంకొకరు సరిచూడండి.